ఉగాండా సేవకు అబ్బాయి, ఇంట్లో మిగిలిన ఈఎంఐ

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అబ్బాయికి 23 ఏళ్ళు, చిన్న ఐటీ కంపెనీలో చేతికి 38,000 వస్తుంది. వచ్చే సెప్టెంబరులో రెండేళ్ళ మిషనరీ సేవకు ఉగాండా వెళ్తానంటున్నాడు. నెలకు 350 డాలర్లు కావాలని పంపే సంస్థ చెప్పింది. మా సంఘంలో 16 కుటుంబాలు కలిసి నెలకు 28,000 ఇస్తామన్నాయి. ఆ డబ్బు నా ఖాతాలో వేస్తారు, నేను పంపిస్తాను. తక్కువ పడింది నా 4 లక్షల ఎఫ్‌డీ తీసి సర్దుదామనుకుంటున్నాను. నా జీతం ఏడాదికి 10,20,000. అబ్బాయి చదువు అప్పు ఇంకా 6 లక్షలుంది, నేను సహ రుణగ్రహీతను. అబ్బాయి దగ్గర 1,50,000 పొదుపు, కొంత పీఎఫ్ ఉన్నాయి. చెల్లెలి కాలేజీ ఫీజుకు నెలకు 10,000 ఇస్తున్నాడు, ఆమెకు ఇంకా రెండేళ్ళ చదువుంది. మా ఆవిడ నగలు కూడా ఉన్నాయి. మా లెక్క సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. అలాగని ఆపేయాల్సిన ప్రయాణమూ కాదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్తలో ఉన్న మాట మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరు కూర్చున్నారు, లెక్కా వేశారు. కాకపోతే ఉగాండా వైపు మాత్రమే వేశారు. ఇంటి వైపు కాగితం ఖాళీగా ఉంది.

ముందు ఆ 350 డాలర్ల సంగతి. డాలరు 90 రూపాయలనుకుంటే నెలకు 31,500. ఇది అబ్బాయి చేతికి రావాల్సిన మొత్తమా, మీరు సేకరించాల్సిన మొత్తమా అన్నది సంస్థను అడిగారా? చాలా సంస్థలు వచ్చిన ప్రతి కానుకలో కొంత శాతాన్ని ఆఫీసు ఖర్చుల కింద ఉంచుకుంటాయి. అది 10 శాతమైతే 31,500 చేతికందడానికి 35,000 పోగవ్వాలి. బడ్జెట్ షీటు ఇమ్మని అడగండి. అందులో ఇంటద్దె, భోజనం, వైద్య బీమా, ఉగాండాలో ఉండటానికి తీసుకునే పర్మిట్ ఫీజు, దాని రెన్యువల్, తిరుగు టికెట్ వేర్వేరు వరుసల్లో ఉండాలి. ఒకే అంకె వేసి ఇచ్చే సంస్థ అయితే ఆ అంకెలో ఏమేమి లేవో రాయించుకోండి. రెండో ఏడు పర్మిట్ రెన్యువల్ డబ్బు ఎవరిదన్న గొడవ తరచుగా అక్కడే మొదలవుతుంది.

ఇక హామీలు. ఇస్తామన్నవాళ్ళెవరూ అబద్ధం చెప్పరు. కానీ రెండేళ్ళలో ఒకరికి ఉద్యోగం పోతుంది, ఒకరు ఇల్లు మారి వేరే సంఘానికి వెళ్తారు, ఒకరింట్లో పెళ్ళి వస్తుంది. అందుకే నూరు రూపాయల హామీని ఎనభైగానే లెక్కపెట్టుకోవాలన్నది నా పద్ధతి. మీ 28,000 అప్పుడు 22,400 అవుతుంది. 35,000కు ఇంకా 12,600 తక్కువ. 24 నెలలకు 3,02,400.

ఇప్పుడు ఇంటి వైపు కాగితం రాద్దాం. 6 లక్షల అప్పు, వడ్డీ 10.5 శాతం, ఇంకా ఏడేళ్ళు ఉందనుకుంటే ఈఎంఐ సుమారు 10,117. మీ వడ్డీ రేటు వేరైతే ఈ అంకె కాస్త అటూఇటూ అవుతుంది. ఇన్నాళ్ళూ అబ్బాయి జీతంలోంచి పోతోంది కాబట్టి మీ కంటికి కనబడలేదు. అతను విమానం ఎక్కిన నెల నుంచీ అది మీదే. రెండేళ్ళకు 2,42,808. చెల్లెలి ఫీజు నెలకు 10,000 చొప్పున 2,40,000. హామీల్లో తక్కువ పడ్డ 3,02,400తో మూడూ కలిపితే 7,85,208. మీ ఎఫ్‌డీ 4 లక్షలు. అది సుమారు పన్నెండో నెలలో అయిపోతుంది. అప్పుడు నగల మీద చెయ్యి పడుతుంది.

డబ్బు మీ ఖాతాలోకి రావడం గురించి. ఈ ఒక్క విషయంలో నా మాట గట్టిగా వినండి: వద్దు. బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన కానుకలు మొత్తం 50,000 దాటితే, దాటినంత వరకే కాదు, మొత్తమంతా మీ ఆదాయంలో కలుస్తుంది. సంఘస్థులు మనకు ఎంత ఆప్తులైనా పన్ను చట్టం దృష్టిలో బంధువులు కారు. కొత్త పన్ను విధానంలో మీ జీతం 10,20,000లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 9,45,000. 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో మీకు పన్ను సున్నా. దానికి 3,36,000 కానుకలు కలపండి: 12,81,000. రిబేటు మొత్తం ఎగిరిపోతుంది. 4 నుంచి 8 లక్షల మీద 20,000, 8 నుంచి 12 మీద 40,000, పైనున్న 81,000 మీద 12,150, దానిపై 4 శాతం సెస్సు. కట్టాల్సింది 75,036. ఉగాండాలో అబ్బాయి రెండు నెలలు బతికే డబ్బు, మీరు ఒక్క రూపాయి కూడా వాడుకోకుండానే పోతుంది. ‘నేను మధ్యలో చేరవేసేవాణ్ణే’ అని వాదించుకోవచ్చు. ఆ మాట నిలబెట్టే కాగితం మీ దగ్గర ఉండాలి కదా? సంఘంలో చేతులెత్తి ఇచ్చిన మాటకు రసీదు ఉండదు.

దారి ఏమిటంటే, 16 కుటుంబాలూ నేరుగా సంస్థ ఖాతాకే ఆటో డెబిట్ పెట్టుకోవాలి. జీతాలు పడ్డాక, 5వ తేదీకి. నోటి హామీ నిలవడానికి, తేదీ పెట్టిన డెబిట్ నిలవడానికి తేడా చాలా ఉంది. దాతలకు పన్ను మినహాయింపు ఆశ చూపించకండి. సంస్థకు 80జీ గుర్తింపు ఉండాలి, కేవలం మతపరమైన పనికే ఉన్న సంస్థకు అది రాదు, దాత పాత పన్ను విధానంలో ఉండాలి, నగదైతే 2,000 దాటకూడదు. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చే మినహాయింపు కోసం ఇచ్చేవాళ్ళు తక్కువే.

సంస్థను అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: ‘డబ్బు ఇక్కణ్ణుంచి అక్కడికి ఏ దారిలో పంపుతారు?’ మనలాంటి వ్యక్తులు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ వెసులుబాటు ట్రస్టులకు, సొసైటీలకు లేదు. భారత ట్రస్టు దేశం బయట ఖర్చు పెడితే దాని పన్ను మినహాయింపుకే చిక్కు రావచ్చు. కాబట్టి వాళ్ళు నోటిమాటగా జవాబు చెబితే కాగితం మీద అడగండి. సాధారణంగా కుదిరేది ఇది: సంస్థ అబ్బాయి భారత ఖాతాలో నెలవారీ భత్యం వేస్తుంది, అతను ఫారెక్స్ కార్డులోకి ఎక్కించుకుంటాడు. అప్పుడది అతని ఆదాయమే. ఏడాదికి 3,78,000. వేరే ఆదాయం పెద్దగా లేకపోతే 4 లక్షల ప్రాథమిక పరిమితి లోపలే ఉంటుంది. ఇక్కడొక మెలిక ఉంది. 12 లక్షల రిబేటు మన దేశ నివాసులకే. అబ్బాయి పన్ను లెక్కలో ప్రవాసి అయిన ఏడాది ఆ గొడుగు ఉండదు, 4 లక్షలే గట్టు. భత్యం పెంచితే, ఎఫ్‌డీ వడ్డీ కలిస్తే ఆ గట్టు తెగుతుంది.

వెళ్ళిన ఏడాది పన్ను లెక్కలో అతను నివాసియా, ప్రవాసియా? సెప్టెంబరులో వెళ్ళినా ఏప్రిల్ నుంచి అయిదు నెలలు ఇక్కడే ఉన్నాడు. 60 రోజులు దాటి, అంతకు ముందు నాలుగేళ్ళలో 365 రోజులు దాటి ఉంటే నివాసి కిందే లెక్క. ఉద్యోగానికి బయటికి వెళ్ళేవాళ్ళకు ఆ 60ని 182 చేసే సడలింపు ఉంది. స్వచ్ఛంద సేవకు అది వర్తిస్తుందని ధైర్యం చేయొద్దు. నివాసిగా ఉన్న ఏడాది ఉగాండా రాజధాని కంపాలలో బ్యాంకు ఖాతా తెరిస్తే, అందులో వంద డాలర్లే ఉన్నా, ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. కుర్రాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

సరే, ఏం చేయాలి? ప్రయాణం జనవరికి జరపండి. నాలుగు నెలలు. దేవుని పిలుపుకు తేదీలు పెట్టే అధికారం నాకు లేదు గానీ, బ్యాంకు ఈఎంఐకి తేదీ ఉంది. ఈ నాలుగు నెలలూ అబ్బాయి ఈఎంఐ, ఫీజు కట్టాక మిగిలే 18,000 దాచితే 72,000. ఉన్న 1,50,000తో కలిపి 2,22,000. చెల్లెలికి అప్పటికి 20 నెలల ఫీజు మిగులుతుంది, 2,00,000. అది చెల్లెలి పేర అట్టే పెట్టేయండి. మిగిలిన 22,000 టీకాలకు, పోలీసు క్లియరెన్సుకు, చిల్లర ఖర్చులకు. టికెట్టు, మొదటి పర్మిట్ ఫీజు మాత్రం ఒకసారి ఇచ్చే కానుకలతోనే కొనాలి. నెలవారీ హామీల్లోంచి టికెట్ కొన్నారంటే మొదటి నెలే అప్పుతో మొదలవుతుంది.

మీ ఎఫ్‌డీలోంచి 2,43,000 తీసి ఈఎంఐ కోసం వేరే ఖాతాలో పెట్టి, అక్కణ్ణుంచే డెబిట్ వెళ్ళేలా చేయండి. మిగతా 1,57,000 ఇంటి అత్యవసరానికి. మిషన్‌కు కాదు. బ్యాంకు ఒప్పుకుంటే రెండేళ్ళూ వడ్డీ మాత్రం, నెలకు 5,250 కట్టే ఏర్పాటు అడగవచ్చు. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటర్‌లో ‘చూస్తాం సార్’ అన్న మాట మీద కట్టడం ఆపితే 90 రోజుల్లో అది మొండి బాకీ అవుతుంది. సిబిల్ దెబ్బ సహ రుణగ్రహీతగా మీకూ తగులుతుంది. అసలేమీ కట్టకుండా వదిలేస్తే 6 లక్షలు రెండేళ్ళలో 7,39,500 దాకా పెరుగుతుంది, జరిమానాలు వేరే. అబ్బాయి వెళ్ళేముందు అప్పు మొత్తానికి సరిపడా ఒక చిన్న టర్మ్ పాలసీ తీసుకోనివ్వండి. ఏ దేశానికి, ఎన్నాళ్ళు వెళ్తున్నాడో ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయాలి. దాస్తే క్లెయిము నిలవకపోవచ్చు.

హామీలు 28,000 నుంచి 43,750కి చేరాలి. అందులో ఎనభై శాతం వస్తే సరిగ్గా 35,000. మీ ఒక్క సంఘం మీదే బరువు వేయకండి. బాపట్లలో మీ సొంత ఊరి సంఘం, అబ్బాయి కాలేజీ స్నేహితులు, పాత ఆఫీసు వాళ్ళు, ఇలా మూడు నాలుగు చోట్ల పంచండి. ఒకే చోట పాస్టర్ గారు మారితే మొత్తం కదిలిపోతుంది. రూపాయి 5 శాతం పడినా నెలకు 1,575 పెరుగుతుందని దాతలకు ముందే చెప్పండి. ఆ హామీలు పూర్తయ్యేదాకా టికెట్ బుక్ చేయొద్దు. జనవరికి కాకపోతే మార్చి. నగలు లోపలే ఉండనివ్వండి. పీఎఫ్ కూడా. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పైగా తిరిగొచ్చాక కొత్త ఉద్యోగంలో అదే ఖాతా కొనసాగుతుంది.

ఇప్పుడు చిన్న సంగతులు. పెద్ద నష్టం తరచుగా వీటిల్లోంచే వస్తుంది.

వైద్య బీమా: ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ గ్రూప్ పాలసీ ఆగిపోతుంది. మానేయకముందే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారవచ్చేమో హెచ్‌ఆర్‌ను అడగండి. మన పాలసీలు ఎక్కువగా విదేశంలో పనిచేయవు, అయినా ఇక్కడిది ఆపొద్దు. ఆపితే పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదటికొస్తుంది. అక్కడికి మామూలు ట్రావెల్ పాలసీ సరిపోదు, అవి చాలావరకు ఒక ట్రిప్పుకు 180 రోజుల దగ్గర ఆగుతాయి. సంస్థ ఇచ్చే కవర్‌లో మలేరియాకు ఆస్పత్రిలో చేరడం, ఊరి నుంచి పెద్ద ఆస్పత్రికి గానీ దేశం బయటికి గానీ తరలించడం ఉన్నాయా లేవా, ఆ రెండు వాక్యాలు పాలసీ కాగితంలో వేలు పెట్టి చూడండి.

బ్యాంకు: ఖాతాదారు లావాదేవీ ఏదీ లేకుండా రెండేళ్ళు దాటితే సేవింగ్స్ ఖాతా నిద్రాణమవుతుంది. మిషన్ కూడా రెండేళ్ళే, చూసుకోండి. వాడని ఖాతాలు ముందే మూసేసి, ఒక్కటి ఉంచి, ఆరు నెలలకోసారి ఒక చిన్న బదిలీ చేయమనండి. ఎన్నాళ్ళకు వెళ్తున్నాడో బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, దాన్ని ఎప్పుడు ప్రవాసుల ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్చాలో అడగండి. పీపీఎఫ్ ఉంటే ఏడాదికి కనీసం 500 వేయాలి, లేకపోతే అదీ ఆగిపోతుంది.

ఫోను: ఓటీపీలన్నీ ఆ నెంబరుకే వస్తాయి. రీచార్జి లేకుండా మూడు నెలలు పడుంటే నెంబరు వేరేవాళ్ళ చేతికి వెళ్ళే ప్రమాదముంది. ఇంటర్నేషనల్ రోమింగ్ బెంగళూరులో ఉండగానే ఆన్ చేయించి, ఎస్‌ఎంఎస్ వచ్చేలా వాలిడిటీ ప్యాక్ మీరు ఇక్కణ్ణుంచి వేస్తూ ఉండండి.

మీరు సొంతంగా ఎప్పుడైనా పంపాల్సి వస్తే బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో ‘దగ్గరి బంధువు పోషణ’ అని రాయండి, విరాళమని కాదు. ఏడాదికి 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. నెల నెలా పంపితే ప్రతిసారీ బ్యాంకు ఫీజు, మధ్య బ్యాంకు కోత పడతాయి. మూడు నెలలకోసారి పంపడం మేలు. నోట్లుగా తీసుకెళ్ళేది ఒక ప్రయాణానికి 3,000 డాలర్లు మించకూడదు.

తిరుగు టికెట్ డబ్బు, వచ్చాక మూడు నెలల ఖర్చు సంస్థ దగ్గర వేరే పద్దులో ఉండాలని మొదటి రోజే రాయించండి. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకుందామంటే ఒప్పుకోవద్దు. ఎల్లో ఫీవర్ టీకా గుర్తింపు పొందిన కేంద్రంలోనే వేయించాలి, బెంగళూరులో కె.ఆర్.సర్కిల్ దగ్గరి పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. వేయించిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. అది ఉగాండాలో దిగేటప్పుడూ కావాలి, రెండేళ్ళ తర్వాత దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగేటప్పుడూ కావాలి. ఆ పసుపు పుస్తకం ఇంట్లో బీరువాలో కాదు, పాస్‌పోర్టుకు పిన్ చేసి ఉండాలి. అది లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.