కెనడా పీఆర్: దరఖాస్తులో లేని భార్య, దరఖాస్తులో లేని బిడ్డ

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (నైపుణ్యం గల ఉద్యోగులను పాయింట్ల లెక్కన ఎంపిక చేసే కెనడా పద్ధతి) అవివాహితుడిగా ఆహ్వానం అందుకుని, మూడు నెలల కిందట కెనడా పీఆర్‌కు, అంటే శాశ్వత నివాస హోదాకు, దరఖాస్తు చేశాను. పోయిన నెలలో నాకు పెళ్లయింది. ఇప్పుడు భార్య పేరు చేరిస్తే ఫైలు ఆలస్యమవుతుందనీ, ఏమీ చెప్పకుండా ముందు నేనొక్కడినే వెళ్లి, పీఆర్ చేతికొచ్చాక ఆమెను స్పాన్సర్ చేసుకోవచ్చనీ కన్సల్టెంట్ అంటున్నారు. ఆయన మాట వినవచ్చా?

జవాబు: దయచేసి వినకండి. కొన్ని నెలల ఆలస్యాన్ని తప్పించుకోవడానికి ఆయన చూపుతున్న దారి, మీ భార్యను కెనడాకు పిలిపించుకునే దారినే మూసివేస్తుంది. కెనడా వలస నిబంధనల్లో 117(9)(డి) అని ఒక అంశం ఉంది. మీరు పీఆర్ పొందేనాటికి మీకున్న భార్యను గానీ, బిడ్డను గానీ ఆ దరఖాస్తులో చూపకపోవడం వల్ల వారికి వైద్య పరీక్ష, ఇతర తనిఖీలు జరగకపోతే, ఆ వ్యక్తిని తర్వాత కుటుంబ తరగతి (కెనడాలో ఉన్నవారు తమ కుటుంబసభ్యులను పిలిపించుకునే విభాగం) కింద స్పాన్సర్ చేయడానికి వీల్లేదని ఆ అంశం చెబుతుంది. ఇది ఒకటి రెండేళ్లకు తీరిపోయే శిక్ష కాదు, దీనికి గడువంటూ లేదు.

దరఖాస్తు పెట్టిన రోజున నేను పెళ్లికానివాడినే కదా, అబద్ధమేమీ రాయలేదు కదా అని మీకు అనిపించవచ్చు. చాలామందిని ముంచింది ఈ ఆలోచనే. నిబంధనలో ఉన్న ‘దరఖాస్తు సమయం’ అన్న మాటకు అర్థం దరఖాస్తు అందిన ఒక్క రోజు కాదనీ, అది మొదలైనప్పటి నుంచి పీఆర్ హోదా లభించే క్షణం వరకూ నడిచే మొత్తం కాలమనీ ఆ దేశపు ఫెడరల్ అప్పీల్ కోర్టు 2006లోనే తేల్చి చెప్పింది. కాబట్టి వీసా వచ్చాక, విమానం ఎక్కడానికి వారం ముందు పెళ్లి చేసుకున్నా ఆ సంగతి కెనడా వలస శాఖకు చెప్పి తీరవలసిందే. చెప్పకుండా దిగితే మీ భార్య విషయం అలా ఉండగా, వాస్తవాన్ని దాచినందుకు కెనడా వలస చట్టంలోని 40వ సెక్షన్ కింద మీ పీఆర్ కూడా పోయి, ఐదేళ్ల పాటు ప్రవేశార్హత లేకుండా పోయే ప్రమాదం ఉంది.

నిజానికి మీరు దాచవలసిన అవసరమే కనిపించడం లేదు. పెళ్లయితే పాయింట్లు తగ్గి ఆహ్వానం రద్దవుతుందన్నది కన్సల్టెంట్ భయం కావచ్చు. జీవిత భాగస్వామి వెంట వస్తున్నప్పుడు మీ వయసు, చదువు, భాష, కెనడా అనుభవాలకు గరిష్ఠంగా 460 పాయింట్లే ఉంటాయి. ఒంటరి వ్యక్తికైతే అదే 500. మిగతా 40 భాగస్వామి చదువు, భాష, కెనడా అనుభవాలను బట్టి వస్తాయి. అయితే స్కోరును చూసేది ఆహ్వానం అందిన నాటికీ, పూర్తి దరఖాస్తు వారికి చేరిన నాటికీ మాత్రమే. మీ పెళ్లి ఆ రెండూ దాటాక జరిగింది గనుక ఆ లెక్క మారదు. ఆహ్వానానికీ దరఖాస్తుకూ మధ్య ఉండే 60 రోజుల్లో పెళ్లి జరిగి ఉంటే మాత్రం స్కోరు మళ్లీ లెక్కించవలసి వచ్చేది. అది ఆ విడత కటాఫ్ కంటే తగ్గితే ఆహ్వానాన్ని వదులుకోవడమే సరైన పని అయ్యేది.

ఇప్పుడు చేయవలసింది ఇది. వలస శాఖ వెబ్‌ఫారం ద్వారా మీ దరఖాస్తు నంబరు వేసి, ఫలానా తేదీన వివాహమైందని రాసి, వివాహ ధ్రువపత్రం జతచేయండి. తర్వాత వారు అడిగినప్పుడు ఆమె పాస్‌పోర్టు, ఫొటోలు, పోలీసు క్లియరెన్స్, కుటుంబ వివరాల ఫారాలు పంపి, ఫీజు కట్టి, ప్యానెల్ వైద్యుని (వలస శాఖ గుర్తించిన వైద్యుని) దగ్గర పరీక్ష చేయించాలి. సెటిల్‌మెంట్ నిధులు (అక్కడ స్థిరపడేందుకు చేతిలో ఉండవలసిన డబ్బు) చూపవలసిన విభాగంలో మీరు ఉంటే, బ్యాంకులో ఇకపై ఒక్కరికి కాక ఇద్దరికి సరిపడే మొత్తం ఉండాలి. ఆమె వెంటనే రాకపోయినా ఈ లెక్క ఇద్దరిదే. దీన్ని మరిచిపోయి చిక్కుల్లో పడేవారున్నారు.

ఆమె చదువు మధ్యలో ఉండి ఇప్పుడే రాలేకపోతే, ఫారంలో మీ వెంట వస్తున్నారా అన్న గడిలో ‘లేదు’ అని పెట్టవచ్చు. కానీ ఆమె పేరు, పుట్టినతేదీ అందులో ఉండాలి, వైద్య పరీక్ష జరగాలి. అప్పుడే రేపు మీరు కెనడాలో స్థిరపడ్డాక ఆమెను స్పాన్సర్ చేసే హక్కు మీకు మిగులుతుంది. వెంట రాకపోవడం వేరు, పేరు లేకపోవడం వేరు.

ప్రశ్న: మా ఇద్దరికీ పీఆర్ వీసాలు వచ్చాయి. ఇంకా ప్రయాణం కాలేదు. పది రోజుల కిందట పాప పుట్టింది. మేం ముందు వెళ్లి, పాపను తర్వాత పిలిపించుకోవచ్చా?

జవాబు: పాపకు శుభాకాంక్షలు. కానీ ఆ పని చేయవద్దమ్మా. వీసా ముద్ర పడిందంటే అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. మీరింకా కెనడాలో దిగలేదు గనుక దరఖాస్తు ముగిసినట్టు కాదు. టికెట్లు కొనకముందే వీసా ఇచ్చిన కార్యాలయానికి జనన విషయం తెలియజేయండి. జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఫొటోలు, వైద్య పరీక్ష, బిడ్డకు ప్రాసెసింగ్ ఫీజు అవసరమవుతాయి. 2024 ఏప్రిల్ 30 నాటి సవరణలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వంటి విభాగాల్లో బిడ్డకు ఈ ఫీజు 260 కెనడియన్ డాలర్లుగా నిర్ణయించారు. పెద్దవారు కట్టే శాశ్వత నివాస హక్కు రుసుము పిల్లలకు ఉండదు. మీ సీఓపీఆర్ (శాశ్వత నివాస ధ్రువీకరణ) పత్రం గడువును పొడిగించరు కనుక, పాప పాస్‌పోర్టు పనిని ఈ వారమే మొదలుపెట్టండి. ఇదే బిడ్డ మీరు కెనడాలో దిగిన తర్వాత పుట్టి ఉంటే ఈ 117(9)(డి) చిక్కే ఉండేది కాదు.

ప్రశ్న: నాకు విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ల బాబు తల్లి సంరక్షణలో ఉన్నాడు. వాడు నాతో కెనడాకు రాడు. అయినా వాడి పేరు రాయాలా? వైద్య పరీక్షకు వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు.

జవాబు: రాయాలి. కోర్టు సంరక్షణను ఎవరికి అప్పగించినా బాబు మీ బిడ్డ కాకుండా పోడు. ఒక తల్లి తనకు కూతురు మాత్రమే ఉన్నట్టు చెప్పి కెనడా చేరుకుంది. తండ్రి దగ్గరే ఉండిపోయిన ఇద్దరు కొడుకుల మాట అప్పుడు చెప్పలేదు. తర్వాత వారిని తెచ్చుకోబోతే దరఖాస్తును తిరస్కరించారు. 2005లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ 117(9)(డి) నిబంధన చెల్లుతుందనే తీర్పు ఇచ్చింది. ఈరోజు మీ బాబు రానంటున్నాడు, పదిహేనేళ్లప్పుడు నాన్న దగ్గరికి వస్తానంటే మీ దగ్గర సమాధానం ఉండాలి కదా.

పరీక్షకు ఆమె ఒప్పుకోకపోతే, మీరు పంపిన లేఖలు, ఆమె ఇచ్చిన జవాబులు, సంరక్షణ ఉత్తర్వు ప్రతి అన్నీ జతచేసి, మీ ప్రయత్నాన్ని ప్రమాణపూర్వకంగా రాసి అధికారికి పంపండి. తర్వాత ఎప్పుడైనా ఆమె మనసు మారితే, మీకు పీఆర్ ఖరారయ్యేలోపు పరీక్ష పూర్తి చేయించండి. బాబుకు ఏదైనా ఆరోగ్య సమస్య బయటపడి మీ దరఖాస్తు దెబ్బతింటుందేమో అన్న భయం వద్దు. ఉత్తర్వు ప్రకారం మాజీ భార్య సంరక్షణలో ఉన్న బిడ్డ ఆరోగ్య కారణంగా మిమ్మల్ని అనర్హులను చేయరు.

గతంలో పేర్లు రాయని వారిలో కొందరి కోసం (శరణార్థులుగా వచ్చినవారు, జీవిత భాగస్వామిగానో బిడ్డగానో స్పాన్సర్‌షిప్‌పై వచ్చినవారు) 2019 సెప్టెంబర్ 9న ఒక తాత్కాలిక సడలింపు తెచ్చారు. అయితే పేరు రాసి ఉంటే దరఖాస్తుదారుకే అర్హత ఉండేది కాదన్న కేసులకు అది వర్తించదు. అందువల్ల సడలింపు ఉంది కదా అన్న ధైర్యంతో ఇప్పుడు పేరు వదిలేయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చే నెలలో 22 నిండుతాయి. డిపెండెంట్‌గా చేర్చవచ్చా?

జవాబు: 2017 అక్టోబర్ 24 నుంచి 22 నిండని, పెళ్లి కాని బిడ్డలనే డిపెండెంట్లుగా పరిగణిస్తున్నారు. శారీరక, మానసిక కారణాలతో తల్లిదండ్రుల మీదే ఆధారపడినవారికి మినహాయింపు ఉంది. పూర్తి దరఖాస్తు వారికి అందిన తేదీకి ఉన్న వయసే లెక్కలోకి వస్తుంది గనుక, ఈ నెలలోగా లోపాల్లేకుండా అందితే అమ్మాయికి 22 నిండినా ఇబ్బంది లేదు. ఒక్క పత్రం లేదని ఫైలు తిప్పి పంపితే మాత్రం ఆ తేదీ చేజారుతుంది. పైగా అలా నిలిచేది వయసు ఒక్కటే. వీసా వచ్చి, ఆమె కెనడాలో అడుగుపెట్టే లోపు పెళ్లి జరిగితే ఆమె మీ డిపెండెంట్‌గా ఉండదు. సంబంధాలు చూస్తున్నట్టయితే, ముహూర్తం పెట్టుకునే ముందు అమ్మాయితో ఈ సంగతి మాట్లాడండి.