ఏపీ 36 బండిని అమ్మేయాలా?

ప్రశ్న: మా నాన్నగారు 2010లో కొన్న వ్యాగన్ ఆర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఏపీ 36 నంబరు. ఆయన పోయి రెండేళ్లయింది. బండి దారిలో మొరాయించి ఎరగదు. ఆర్సీ గడువు అయిపోవస్తోంది. ఢిల్లీలో పాత బండ్లు ఆపేస్తున్నారు, మనకూ వస్తుంది, తుక్కుకిచ్చేసి కొత్తది ఈఎంఐలో తీసుకుందాం అంటున్నాడు మా తమ్ముడు. నాకేమో మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మకండమ్మా. ఢిల్లీ మాట విని అసలే అమ్మకండి, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఆ ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయ్యాక ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి పాసైతే ఇంకో 5 ఏళ్లు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది, గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అయితే దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందా? యజమాని పోయాక మూడు నెలల్లోపు వారసుల పేరుకు మార్చుకోవాలి, ఫారం 31 దానికే. చాలా ఇళ్లలో ఈ పని అలాగే పడి ఉంటుంది, రేపు ఏదైనా యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించండి.

ఇక బండి సంగతి. ఇంజన్ కన్నా ముందు కింద బాడీ చూపించండి. క్లచ్, బుష్‌లు, రేడియేటర్ పోతే మార్చుకోవచ్చు, ఆటోనగర్‌లో ఈ కారు సామాను దొరకదన్న మాటే ఉండదు, కానీ ఫ్లోరు, చాసిస్ తుప్పు పట్టి తినేస్తే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా దండగే. 2023 జూలై వరదల్లో హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచాయి కదా, అప్పుడు మీ బండి మునిగి ఉంటే వైరింగ్ కూడా విప్పి చూడమనండి. 2010 బండి కాబట్టి ఇంకో సంగతి కనుక్కోవాలి: ఏడాది మొదట్లో కొన్నదైతే పాత 1.1 లీటర్ ఇంజన్, దానికి టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలను జతగా తిప్పే రబ్బరు పట్టీ) ఉంటుంది, ఆ తర్వాతి కే సిరీస్ ఇంజన్‌కు దాని బదులు చైన్. బెల్టే అయితే ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేకపోతే వెంటనే మార్చేయండి, తెగితే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పెట్రోల్ పైపులు, సీళ్లు కూడా చూడమనండి, ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు పాత రబ్బరు పనికిరాదు. మైలేజీ కాస్త తగ్గితే టెన్షన్ పడకండి. టైర్లు అరగకపోయినా వయసు చూడండి, పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో చేసింది, అంత పాతవి తీసేయడమే మంచిది. మన ఎండలకు కూలెంట్ బదులు నల్లా నీళ్లు పోసి నడిపించవద్దు.

ఇవన్నీ కలిపినా కొత్త కారు మూడు నాలుగు నెలల ఈఎంఐ దాటకపోవచ్చు. తమ్ముడికి ఆ లెక్క చూపించండి.

ఒక్క విషయంలో తమ్ముడి మాటకూ విలువివ్వాలి. ఇలాంటి పాత కార్లలో చాలా వాటికి ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేవు. మీదీ అలాంటిదే అయితే ఊళ్లో పనులకు, కొమురవెల్లికో మేడారానికో నిదానంగా వెళ్లి రావడానికి వాడుకోండి. పిల్లలతో రాత్రిపూట హైదరాబాద్ హైవే మీద వంద దాటించేలా ఉంటే మాత్రం అది వద్దు, ఆ ప్రయాణాలకు వేరే బండి చూసుకోండి.

మనసొప్పడం లేదన్నారు కదా, అదీ ఒక కారణమే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నాన్నగారు వేళకు ఆయిల్ మార్పించారు కాబట్టే అది ఇన్నాళ్లూ ఆగలేదు.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు, కారు షెడ్డులోనే ఉంటోంది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తున్నాను. సరిపోతుందా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: సరిపోదండీ. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జింగే ఐదు నిమిషాల్లో బ్యాటరీకి తిరిగి రాదు, ఇంజన్ వేడెక్కక సైలెన్సర్‌లో తేమ నిలిచి తుప్పు పడుతుంది. పదిహేను రోజులకోసారైనా లక్సెట్టిపేట దాకా నడిపి తీసుకురండి. బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూశాకే తాళం తిప్పండి.