సర్వరు ఎవరికి పలకాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంతంగా ఒక సర్వరును సిద్ధం చేసుకుని, దాని మీద ఏదో ఒక సేవను నడపాలనుకునేవారు రాసినవే. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాం. ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా, అన్నింటి వెనుకా తేలవలసిన విషయం ఒకటే: ఈ సేవను ఎవరు అందుకోవాలి, ఎవరు అందుకోకూడదు? ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య), పోర్టు (ఆ యంత్రంలో ఒక్కో సేవకు ఉండే ద్వారం సంఖ్య), ఫైర్‌వాల్ (రాకపోకలను వడగట్టే కాపలా) నియమాలు అన్నీ ఆ నిర్ణయాన్ని బట్టే ఉండాలి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల కంప్యూటర్ గదిలో ఇరవై కంప్యూటర్లు, ఒక రూటరు ఉన్నాయి. ఇంటర్నెట్ నిలకడగా ఉండదు కనుక ఒక పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి, ఇంటర్నెట్ లేకున్నా పేజీలను చూపే కీవిక్స్ ద్వారా తెలుగు వికీపీడియాను పిల్లలకు అందిస్తున్నాను. సర్వరు దగ్గర కూర్చుని తెరిస్తే పేజీలు వస్తాయి. మిగిలిన కంప్యూటర్లలో కొన్ని రోజులు బాగానే వచ్చి, కరెంటు పోయి వచ్చాక ఆగిపోతాయి. అప్పుడు కూడా పింగ్ (యంత్రం పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపు) చేస్తే జవాబు వస్తోంది. లోపం ఎక్కడ ఉంది?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పింగ్‌కు జవాబు వచ్చిందంటే, ఆ చిరునామాతో ఏదో ఒక యంత్రం నెట్‌వర్క్‌లో ఉందని మాత్రమే అర్థం. అది మీ సర్వరేనని గాని, అందులో కీవిక్స్ నడుస్తోందని గాని దానివల్ల రుజువు కాదు. మీ సర్వరు తన చిరునామాను రూటరు నుంచి డీహెచ్‌సీపీ (చిరునామాలను దానంతట అదే పంచే పద్ధతి) ద్వారా తీసుకుంటున్నట్లయితే, కరెంటు వచ్చాక ఆ పాత చిరునామా ఏ విద్యార్థి కంప్యూటర్‌కో దక్కి ఉండవచ్చు. చాలా చిన్న రూటర్లు ఎవరికి ఏ చిరునామా ఇచ్చామన్న పట్టికను తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి కనుక, కరెంటు పోతే ఆ పట్టిక చెరిగిపోయి పంపకం మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. అనుమానం తీరాలంటే, పింగ్ చేసిన వెంటనే అదే కంప్యూటర్‌లో ఏఆర్‌పీ పట్టికను (ఏ ఐపీ చిరునామా ఏ నెట్‌వర్క్ కార్డుదో చూపే జాబితాను) తెరిచి, ఆ చిరునామాకు ఎదురుగా ఉన్న మ్యాక్ సంఖ్యను, అంటే కార్డు గుర్తింపు సంఖ్యను, మీ సర్వరు నెట్‌వర్క్ కార్డు సంఖ్యతో సరిచూడండి. రెండూ వేరైతే మీకు జవాబిస్తున్నది మరో యంత్రమన్నమాట.

దీనికి పరిష్కారం సర్వరుకు స్థిరమైన చిరునామా ఇవ్వడం. రూటరు చిరునామా 192.168.1.1 అనుకుందాం. రూటరు సెట్టింగులలో డీహెచ్‌సీపీ పంచే శ్రేణిని 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకు పరిమితం చేసి, ఆ శ్రేణికి బయట ఉన్న 192.168.1.10ని సర్వరులోనే రాసిపెట్టండి. మాస్కు 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 అవుతాయి. సర్వరు మ్యాక్ సంఖ్యకు ఒక చిరునామాను రూటరులోనే కేటాయించే పద్ధతి కూడా ఉంది, పెద్ద కార్యాలయాల్లో అదే మేలు. కానీ కరెంటు తరచూ పోయే చోట రూటరు కంటే ముందుగా సర్వరు మేల్కొంటే, దానికి చిరునామా ఇచ్చే దిక్కు అప్పటికి ఉండదు. అందుకే మీకు మొదటి పద్ధతినే సూచిస్తున్నాం. డెబియన్‌లో నెట్‌వర్క్ వివరాలను నెట్‌వర్క్ మేనేజరులో గాని, ఇంటర్‌ఫేసెస్ ఫైలులో గాని, ఏదో ఒక చోటే రాయాలి. రెండు చోట్లా రాస్తే తరువాత ఏది అమలవుతోందో తేల్చుకోవడం కష్టమవుతుంది.

చిరునామా సరిచేశాక కూడా మరో మూడు విషయాలు చూడాలి. మొదటిది, కీవిక్స్ సేవను సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సేవలను నడిపే వ్యవస్థలో) "స్టార్ట్" మాత్రమే చేశారా, "ఎనేబుల్" కూడా చేశారా? మొదటి ఆదేశం సేవను ఇప్పటికి నడిపిస్తుంది, రెండవది సర్వరు మొదలైన ప్రతిసారీ దానంతట అదే నడిచేలా చేస్తుంది. ఎనేబుల్ చేయనివారి సేవలు తొలి కరెంటు కోతతోనే ఆగిపోతాయి. రెండవది, వికీపీడియా ఫైలు బయటి హార్డ్‌డిస్కులో ఉంటే, సర్వరు మొదలయ్యేటప్పుడే ఆ డిస్కు కూడా మౌంట్ అయ్యేలా (వాడకానికి జతపడేలా) డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో వివరం చేర్చాలి. లేకపోతే తెరవవలసిన ఫైలు కనబడక సేవ విఫలమవుతుంది. మూడవది, బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చాక యంత్రం దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని ఎంచుకోండి.

ఇకముందు సేవ అందనప్పుడు తనిఖీని ఎప్పుడూ సర్వరు నుంచి బయటికి సాగించండి. సేవ నడుస్తోందా, ఏ చిరునామా మీద, ఏ పోర్టులో వింటోంది అన్నది ముందు చూసి, తరువాత సర్వరు నుంచే 192.168.1.10 అన్న చిరునామాతో తెరిచి, ఆ తరువాత పక్క కంప్యూటర్ నుంచి ప్రయత్నించండి. పిల్లల కంప్యూటర్లలో పేజీ రాలేదని వాటి బ్రౌజర్లతో కుస్తీ పట్టడం చాలామంది చేసే పని. దానివల్ల ఒక పూట గడిచిపోతుంది తప్ప లోపం దొరకదు.

పిల్లలు అంకెలకు బదులు ఒక పేరు టైప్ చేసేలా ఉంటే బాగుంటుందని మీకు తోచవచ్చు. రూటరులో డీఎన్‌ఎస్ (పేరును చిరునామాగా మార్చే వ్యవస్థ) పేర్లు చేర్చే వీలుంటే ఒక పేరు పెట్టండి. "లోకల్" అన్న ముగింపు వేరొక పద్ధతికి, అంటే మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కు కేటాయించినది కనుక దానిని వాడకండి. అంతర్గత నెట్‌వర్క్‌ల కోసమని 2024లో ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ "ఇంటర్నల్" అన్న ముగింపును ప్రత్యేకించింది. అది మీకు సరిపోతుంది.

ప్రశ్న: అద్దెకు తీసుకున్న సర్వరులో ఒక వెబ్ అప్లికేషన్‌ను, దానికి కావలసిన పోస్ట్‌గ్రెస్ డేటాబేసును నడుపుతున్నాను. నా ల్యాప్‌టాప్ నుంచి డేటాబేసును తెరవలేకపోతున్నాను. డేటాబేసు వినే చిరునామాను 0.0.0.0గా మార్చితే సరిపోతుందని ఒక సహోద్యోగి అన్నారు. మార్చవచ్చా?
– ఒక ప్రోగ్రామరు, విజయవాడ

జవాబు: దయచేసి మార్చకండి. పోస్ట్‌గ్రెస్ మొదట్లో 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. అంటే అదే యంత్రంలో ఉన్న ప్రోగ్రాములకే పలుకుతుంది. మీ వెబ్ అప్లికేషన్ ఆ యంత్రంలోనే ఉంది కనుక దానికి అంతకన్నా అవసరం లేదు. 0.0.0.0 అని రాస్తే యంత్రానికి ఉన్న ప్రతి ఐపీవీ4 (నాలుగు అంకెల భాగాలుండే పాత తరహా) చిరునామా మీదా వినమని చెప్పినట్లు. అద్దె సర్వరుకు ఉన్నది బహిరంగ చిరునామా కాబట్టి, ఫైర్‌వాల్ అడ్డు లేకపోతే మీ డేటాబేసు 5432 పోర్టు ప్రపంచమంతటికీ తెరుచుకుంటుంది. మన సర్వరును ఎవరు వెతికి పట్టుకుంటారులే అన్న ధీమాకు ఆధారం లేదు. ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. వాటన్నింటిలో ఒక పోర్టును ఒకే కంప్యూటర్‌తో 45 నిమిషాలలోపే పరిశీలించవచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో జెడ్‌మ్యాప్ అనే సాధనంతో చూపించారు.

మీ అవసరానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) సొరంగం చాలు. మీ ల్యాప్‌టాప్‌లోని ఒక పోర్టును ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వరులోని 127.0.0.1 చిరునామాకు, 5432 పోర్టుకు జోడిస్తే, డేటాబేసు దృష్టిలో మీరు కూడా ఆ యంత్రంలో ఉన్నవారే అవుతారు. అప్పుడు బయటికి తెరవవలసినవి మూడే పోర్టులు: ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, వెబ్‌కు 80, 443. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డుతో ప్రవేశాన్ని, సర్వాధికారాలుండే రూట్ ఖాతాతో నేరుగా ప్రవేశాన్ని ఆపివేసి, తాళపు జంటతో (పాస్‌వర్డుకు బదులు వాడే రహస్య, బహిరంగ కీల జతతో) మాత్రమే లోపలికి రానివ్వండి. పోర్టును 22 నుంచి మరో సంఖ్యకు మార్చితే లాగులో (సర్వరు జరిగినవి రాసుకునే చిట్టాలో) చెత్త తగ్గుతుంది గాని, భద్రత అంతగా పెరగదు.

ఫైర్‌వాల్‌ను ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇచ్చే నియమాన్ని తప్పక చేర్చండి. ఈ క్రమం తప్పితే సర్వరు మీకే తలుపు మూసేస్తుంది. మార్పులు చేసేటప్పుడు ఇప్పటికే తెరిచి ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కిటికీని అలాగే ఉంచి, మరో కిటికీ నుంచి కొత్తగా ప్రవేశించి చూశాకే పాతదాన్ని మూయడం మంచి అలవాటు. అప్లికేషన్లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడుతున్నట్లయితే మరింత జాగ్రత్త అవసరం. డాకర్ ఒక కంటైనరు పోర్టును ప్రచురించినప్పుడు తన నియమాలను తానే రాసుకుంటుంది కనుక, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనంలో మీరు మూశామనుకున్న పోర్టు బయటికి తెరిచే ఉండవచ్చు. పోర్టును ప్రచురించేటప్పుడు దాని ముందు 127.0.0.1 అని స్పష్టంగా రాస్తే ఆ ప్రమాదం ఉండదు. ఇదంతా అయ్యాక వేరే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ నుంచి మీ సర్వరు పోర్టులను, ఏవి తెరిచి ఉన్నాయో చూపే ఎన్‌మ్యాప్‌తో పరిశీలించండి. నియమాల పట్టికను చదవడం కంటే బయటి నుంచి చూసిన ఫలితాన్నే నమ్మాలి.

ప్రశ్న: స్టూడియోలో ఉన్న సర్వరులో పెళ్లి ఆల్బమ్‌లు పెట్టి, కస్టమర్లు ఇళ్ల నుంచే చూసుకునేలా చేయాలని నా కోరిక. రూటరులో 443 పోర్టును సర్వరుకు ఫార్వర్డ్ చేశాను. లోపల పనిచేస్తోంది, బయటి నుంచి ఎవరికీ తెరుచుకోవడం లేదు.
– ఒక ఫొటో స్టూడియో యజమాని, హనుమకొండ

జవాబు: రూటరు సెట్టింగులలో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ సంస్థ వైపు రూటరుకు ఉండే చిరునామా) ఎంత ఉందో చూడండి. అది 100.64.0.0 నుంచి 100.127.255.255 లోపు ఉంటే, మీ ఇంటర్నెట్ సంస్థ అనేకమంది చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచిందని అర్థం. అనేక యంత్రాలను ఒకే చిరునామా చాటున ఉంచడాన్ని న్యాట్ అంటారు; ఇలా సంస్థే చేస్తే క్యారియర్ గ్రేడ్ న్యాట్ అంటారు, ఈ శ్రేణిని 2012లో దీనికోసమే కేటాయించారు. ఆ శ్రేణిలో లేకపోయినా, "నా ఐపీ ఎంత" అని చెప్పే సైటులో కనిపించే చిరునామాకూ వ్యాన్ చిరునామాకూ తేడా ఉంటే పరిస్థితి అదే. బయటి నుంచి వచ్చే అభ్యర్థన సంస్థ పరికరం దగ్గరే ఆగిపోతుంది కనుక, మీ రూటరులో ఎంత సరిగా రాసినా ఉపయోగం ఉండదు. ఐపీవీ4 చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న నిండుకుంది. ఈ పద్ధతి విస్తరించడానికి ఆ కొరతే కారణం.

మీకు మూడు దారులున్నాయి. సంస్థను అడిగి అదనపు రుసుముతో స్థిరమైన బహిరంగ చిరునామా తీసుకోవడం మొదటిది. ఐపీవీ4 తరువాతి తరం చిరునామా పద్ధతి అయిన ఐపీవీ6 ద్వారా నేరుగా అందించడం రెండవది. మన దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 విస్తృతంగానే ఉంది, కానీ మీ కస్టమర్లందరికీ అది ఉంటుందన్న హామీ లేదు. పైగా ఐపీవీ6లో న్యాట్ చాటు ఉండదు కనుక, దానికి కూడా ఫైర్‌వాల్ నియమాలు విడిగా రాయాలి. మూడవది, మేము సిఫారసు చేసేది: బహిరంగ చిరునామా ఉన్న ఒక చిన్న సర్వరును అద్దెకు తీసుకుని, స్టూడియో సర్వరు నుంచి దానికి వైర్‌గార్డ్ (రెండు యంత్రాల మధ్య రహస్య దారి వేసే వీపీఎన్ సాధనం) సొరంగం వేయడం. సొరంగాన్ని ప్రారంభించేది మీ వైపు నుంచి కాబట్టి సంస్థ న్యాట్ అడ్డు రాదు. 25 సెకన్లకొకసారి చిన్న సంకేతం పంపే ఏర్పాటును పెడితే సొరంగం తెగకుండా ఉంటుంది. అద్దె సర్వరులో ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరు ప్రోగ్రామును ఉంచి, వచ్చిన అభ్యర్థనలను సొరంగం గుండా స్టూడియోకు పంపించాలి. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రాన్ని (సైటు అసలైనదని బ్రౌజరుకు చూపే పత్రాన్ని) తీసుకుంటే దాని గడువు తక్కువ కనుక, పునరుద్ధరణ దానంతట అదే జరిగేలా చూసుకోండి.

సాంకేతికంగా అవసరం కాకపోయినా ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. ఆ ఫొటోలు మీ కస్టమర్ల కుటుంబాలవి. ఒక్కో ఆల్బమ్‌కు విడి ఖాతా, బలమైన పాస్‌వర్డు లేకుండా వాటిని బయటి నెట్‌వర్క్‌కు తెరవకండి.

ప్రశ్న: పాత కంప్యూటర్‌ను సర్వరుగా వాడుతున్నాను. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌ఎల్ ధ్రువపత్రం చెల్లదని చెబుతూ అందులో అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. కాసేపటికి సర్దుకుంటుంది. ఎందుకు?
– ఒక గ్రంథాలయ సహాయకురాలు, ఖమ్మం

జవాబు: యంత్రం గడియారాన్ని చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ, సాధారణంగా సీఆర్2032 రకం, అయిపోతే కంప్యూటర్ ఆపిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ధ్రువపత్రం మొదలయ్యే తేదీ ఇంకా రాలేదని యంత్రం అనుకుని దాన్ని తిరస్కరిస్తుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) ద్వారా సమయం సరి అయ్యాక అంతా మామూలవుతుంది. బ్యాటరీ మార్చి, ఎన్‌టీపీతో గడియారాన్ని సరిచేసే క్రోనీ సేవను ఎనేబుల్ చేయండి. ఇది యూడీపీ 123 పోర్టును వాడుతుంది కనుక ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లే దారి ఉండాలి. మీ నెట్‌వర్క్‌లోని మిగిలిన కంప్యూటర్లు కూడా ఈ సర్వరు నుంచే సమయం తీసుకునేలా క్రోనీలో మీ స్థానిక శ్రేణికి మాత్రమే అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు ఇంటర్నెట్ లేని రోజుల్లోనూ అన్ని యంత్రాల లాగులలో సమయం ఒకేలా నమోదవుతుంది.