బొమ్మ బార్సిలోనాలో, గోడ తాఉల్‌లో

ప్రశ్న: మా అమ్మాయి బార్సిలోనాలో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరులో నేనూ, మావారూ వెళ్తున్నాం. పిరెనీస్ కొండల్లో తాఉల్ అనే ఊళ్లో తొమ్మిది వందల ఏళ్ల నాటి గుళ్లున్నాయి, చూద్దాం రమ్మంటోంది. అల్లుడేమో "అక్కడి బొమ్మలన్నీ ఎప్పుడో ఒలిచి ఇక్కడి మ్యూజియంలో పెట్టేశారు. నాలుగు గంటలు కారులో కూర్చుని ఖాళీ గోడలు చూస్తారా?" అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు? అయినా గుడి గోడ మీది దేవుణ్ని ఒలుచుకుపోవడం దొంగతనం కాదా? మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం. మావారికి మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి మాటే వినండమ్మా. అల్లుడుగారు అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే ఆ గోడల్ని ఆయన మరీ తక్కువ చేశారు.

తాఉల్ ఊరు బోయీ లోయలో, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అరకు కంటే బాగా ఎత్తు. స్వెట్టర్లతో సరిపెట్టుకోకండి, మందపాటి కోట్లు తీసుకెళ్లండి. అంత చిన్న ఊరికి రెండు పెద్ద గుళ్లు. ఊరి దిగువన సాంత్ క్లిమెంత్, ఇళ్ల మధ్యలో సాంతా మరియా. 1123 డిసెంబరు 10న మొదటిదాన్నీ, మర్నాడే రెండోదాన్నీ రామోన్ అనే మేత్రాణులు (బిషప్పు) ప్రతిష్ఠించారు. ఇది పండితులు ఊహించి కట్టిన తేదీ కాదు. ఫలానా ఏడు, ఫలానా రోజున మేత్రాణులు వచ్చి క్లెమెంటు వేదసాక్షి పేర ఈ గుడిని ప్రతిష్ఠించారని సాంత్ క్లిమెంత్‌లో ఒక స్తంభం మీద లాటిన్‌లో రంగుతో రాయించారు. మన రాజులు శాసనం వేయించినట్టే. అసలు ఈ లోయ నాదంటే నాదని ఆయన పీఠానికీ, పొరుగున ఉన్న ఉర్జెల్ పీఠానికీ తగాదా ఉండేది. చలికాలంలో అంత కొండెక్కి వచ్చి రెండు రోజుల్లో రెండు గుళ్లు ప్రతిష్ఠించడంలో భక్తితో పాటు ఆ పట్టుదల కూడా ఉందని నా అనుమానం.

సాంత్ క్లిమెంత్ గంటగోపురానికి ఆరంతస్తులు. చిన్న చిన్న రాళ్లను సుత్తితో చదును చేసి వరసలుగా పేర్చారు. ఇటలీలోని లంబార్డీ వైపు నుంచి వచ్చిన పనితనం అది. గోడ పైభాగంలో తోరణం కట్టినట్టు బుల్లి కమానులుంటాయి. లోపల లావాటి గుండ్రటి స్తంభాలు, పైన చెక్క దూలాలు, పలకరాయి కప్పు. గోపురం లోపలి మెట్లు మాత్రం మీవారికి వద్దు. ఆయన్ని కింద కూర్చోబెట్టి మీరూ, అమ్మాయీ ఎక్కి రండి.

ఇక దొంగతనం సంగతి. 1907లో వాస్తుశిల్పి పుచ్ ఇ కదఫాల్క్ నాయకత్వంలో బార్సిలోనా పండితులు ఈ లోయకొచ్చి ఫొటోలు తీసుకెళ్లారు. సంగతి బయటపడ్డాక పాతసామాను వ్యాపారులు ఊరుకుంటారా? మూర్ అనే మరో చోట గుడి బొమ్మల్ని కొని ఒలిపించారు. అవి 1921లో అమెరికాలో బోస్టన్ మ్యూజియానికి చేరాయి. ఆ బేరం సంగతి తెలిసి బార్సిలోనా మ్యూజియం బోర్డుకి గుండె గుభేల్‌మంది. మిగిలిన గుళ్ల బొమ్మలైనా దేశం దాటకూడదని తామే కొని, 1919 – 1923 మధ్య ఒలిపించి కిందికి దింపించారు. డబ్బిచ్చి కొన్నారు కాబట్టి దొంగతనమనలేను. అలాగని ఊరివాళ్లు హారతులిచ్చి సాగనంపారనీ అనను.

గుంటూరువాళ్లకి ఈ కడుపుమంట నేను చెప్పాలా? అమరావతి స్తూపం పలకలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉండిపోయాయి. ఒక్క తేడా ఉంది. తాఉల్ మనిషి తన ఊరి దేవుణ్ని చూడాలంటే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చూసుకోవచ్చు. అమరావతి మనిషి లండన్‌లోని పలకలు చూడాలంటే వీసా కావాలి. అందుకే బార్సిలోనా వాళ్ల మీద నాకు పెద్ద కోపం లేదు.

బార్సిలోనాలోనే దిగుతున్నా సరే, మ్యూజియం తర్వాత చూడండి. ముందు ఊరికి వెళ్లండి. సాంత్ క్లిమెంత్‌లో బలిపీఠం వెనక అర్ధవలయంగా తిరిగిన గోడ మీద ఇప్పుడు ప్రొజెక్టర్లతో ఆ పాత చిత్రాన్ని చూపిస్తున్నారు. ముందు గీతలు పడతాయి, తర్వాత రంగులు నిండుతాయి, చివరికి గోడంతా 1123 నాటిలా అవుతుంది. బళ్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్పినవాణ్ని కదా, బొమ్మ పూర్తయ్యాక కంటే గీత పడుతున్నప్పుడే నాకు సరదా. ఆ గోడ ఎంత ఎత్తో, కిటికీలు ఎంత ఇరుకో, వెలుతురు ఎంత తక్కువో తెలిశాక మ్యూజియంలో అసలు బొమ్మ ముందు నిలబడండి. క్రీస్తు ఇంద్రధనుస్సు మీద కూర్చుని ఉంటాడు. కుడిచెయ్యి ఎత్తి దీవిస్తున్నాడు, ఎడమచేతిలోని పుస్తకంలో "నేను లోకమునకు వెలుగును" అని లాటిన్‌లో ఉంటుంది. ఆ నీలిరంగు పిరెనీస్‌లో దొరికే ఎయిరినైట్ అనే రాతిపొడి. అందరూ ఆ పెద్ద కళ్ల ముందే ఆగిపోతారు. మీరు మాత్రం పైన కమాను మీద బైబిలు కథలోని బిచ్చగాడు లాజరును వెతకండి. ధనవంతుడి గుమ్మం దగ్గర ఒంటినిండా పుళ్లతో పడి ఉంటాడు, కుక్క వచ్చి కాళ్లు నాకుతుంటుంది. ఆ కుక్కని వేసినవాడు ఊరకుక్కల్ని బాగా చూసినవాడే. ఆ తర్వాత బొమ్మ వెనక్కి నడిచి చూడండి. గుడి గోడ ఆకారంలో కట్టిన చెక్క చట్రం కనిపిస్తుంది.

సాంతా మరియా మీద కూడా ఓ గంట పెట్టండి. అది ఊరివాళ్ల గుడి, పూజ వేళలు ముందే కనుక్కోండి. ఓపికుంటే ఊరి శివార్లలో సాంత్ కిర్క్ అనే చిన్న ప్రార్థనాలయం ఉంది. ఊళ్లోనే ఉన్న సాంత్ మార్తి అనే మరో గుడికి వెనక గోడ తప్ప ఏమీ మిగల్లేదు. లోయలో మొత్తం తొమ్మిది గుళ్లకి 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తొమ్మిదీ చూడాలని పరుగులు పెట్టకండి. చిన్నవి అన్ని రోజులూ తెరవరు కూడా.

ప్రశ్న: గోడ మీది బొమ్మను పెచ్చులూడకుండా ఒలవడం ఎలా సాధ్యం? లేపాక్షిలో పాడవుతున్న పైకప్పు బొమ్మల్ని అలా తీసి కాపాడవచ్చా?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఒలిచేది రంగు పొరను మాత్రమే, గచ్చును కాదు. తాఉల్‌లో ఈ పని చేసింది స్తెఫానోని అనే ఇటలీ నిపుణుడు, ఆయన మనుషులు. బొమ్మ మీద పల్చటి గుడ్డ పరిచి, జంతువుల ఎముకలూ చర్మం కాచి తీసిన జిగురు వేడివేడిగా పట్టిస్తారు. మన వడ్రంగులు వజ్రం అంటారే, దాదాపు అదే. ఆరేకొద్దీ జిగురు బిగుసుకుని గుడ్డను ముడుచుకునేలా లాగుతుంది, దాంతో పాటు రంగు పొర గోడను వదులుతుంది. అప్పుడు అంచు నుంచి మెల్లగా ఒలుస్తూ వస్తారు. అలా తీసిన గుడ్డల్ని చాపల్లా చుట్టి, కంచరగాడిదల మీద కొండ దింపారు. బార్సిలోనాలో బొమ్మ వెనకవైపు కొత్త గుడ్డ అతికించి, ముందువైపు జిగురును వేణ్నీళ్లతో కరిగించి తీసేశారు.

ఎంత జాగ్రత్తగా ఒలిచినా కొంత రంగు గోడలోనే ఉండిపోతుంది. తాఉల్ గోడ మీద తర్వాతెప్పుడో ఒక నకలు వేశారు. ప్రొజెక్టర్లు పెట్టేటప్పుడు దాన్ని తీసేసి, కింద మిగిలిన అసలు రంగు ముక్కల్ని బయటికి తెచ్చారు. బొమ్మ వెలుగు సరిగ్గా వాటి మీద పడేలా అమర్చారు.

లేపాక్షికి ఈ వైద్యం వద్దు. ఇప్పుడు నిపుణులు బొమ్మను ఉన్నచోటే కాపాడాలని చూస్తారు. గోడే నిలవదని తేలితే తప్ప ఒలవరు. అక్కడ ముందు చూడాల్సింది పైకప్పు నుంచి దిగే తేమ. ఆ తర్వాతే రంగుల సంగతి.