ఓటిస్ రాశాడు, అరీతా సొంతం చేసుకుంది

ప్రశ్న: 'రెస్పెక్ట్' అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ రాసిన పాట కాదట కదా! మరి పేరంతా ఆమెకెలా వచ్చింది?

జవాబు: రాసింది, 1965లో మొదట పాడింది గాయకుడు ఓటిస్ రెడింగ్. అందులో సంపాదించి ఇంటికొచ్చే మగవాడు మర్యాద అడుగుతాడు. 1967లో అరీతా పాడేసరికి అడిగేది ఆడమనిషి అయింది, దాంతో అర్థమే తిరగబడింది. పాట పేరును అక్షరం అక్షరంగా పలకడం ఓటిస్ పాటలో లేదు. అక్క ఎర్మా, చెల్లెలు కేరలిన్ అందుకునే వంతపాట కూడా అంతే. కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వాయించే భాగమూ కొత్తదే. దాని కింద వినిపించే స్వరమేళాలు (కార్డ్స్) శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాటొకదానివి. ముందు ఓటిస్‌ది విని, వెంటనే ఇది వినండి. ఎవరిది గొప్ప అని వాదించడం మాత్రం దండగ.

డబ్బు లెక్క వేరు. అమెరికాలో మామూలు రేడియో పాట వేస్తే రాయల్టీ రచయితకే, పాడినవాళ్లకు ఏమీ రాదు.

ప్రశ్న: ఆమె వీలునామా సోఫాలో దొరికిందా?

జవాబు: నిజమే. 2018 ఆగస్టు 16న ఆమె చనిపోయింది. వీలునామా లేదనుకున్నారు. మరుసటి ఏడాది చేతిరాత పత్రాలు బయటపడ్డాయి: 2010 నాటిది బీరువాలో, 2014 నాటిది సోఫా దిండ్ల కింద నోటుపుస్తకంలో. ఆమె ఉన్న మిషిగన్ రాష్ట్ర చట్టంలో తేదీ, సంతకం, ముఖ్యాంశాలు స్వదస్తూరీలో ఉంటే సాక్షులు అక్కర్లేదు. 2023 జులైలో జ్యూరీ 2014 నాటిదే చెల్లుతుందని తేల్చింది.