ఎంపీ4 వేస్తే ‘మీడియా ఆఫ్‌లైన్’ ఎందుకు?

ప్రశ్న: ఉబుంటులో డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్ వేసుకున్నాను. ఫోన్‌లో తీసిన ఎంపీ4 వేస్తే బొమ్మ రాదు, ‘మీడియా ఆఫ్‌లైన్’ అంటుంది. అదే ఫైలు వీఎల్‌సీలో బాగానే ఆడుతోంది. ఫైలు పేరు చివర ఎంఓవీ అని మార్చినా లాభం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఫైలుకేం కాలేదు. సీసా మారిస్తే సారా మారదు కదా! ఎంపీ4, ఎంఓవీ సీసాలే. లోపల ఉన్నది హెచ్.264 లేదా హెచ్.265 వీడియో, ఏఏసీ ఆడియో. ఉబుంటు లాంటి లైనక్స్‌లో ఉచిత రిజాల్వ్‌కు ఈ వీడియోను విప్పడం చేతకాదు. ఉబుంటులో కోడెక్‌లు (వీడియో, ఆడియోలను విప్పే సాఫ్ట్‌వేర్) ఎన్ని వేసినా అది వాటి జోలికి పోదు, కాబట్టి ఆ ప్రయత్నం దండగ. డబ్బు పెట్టి రిజాల్వ్ స్టూడియో వెర్షన్ కొన్నవాళ్లు కూడా బొమ్మ వచ్చింది, ఏఏసీ శబ్దం రాలేదని తల పట్టుకోవడం మామూలే.

ముందే మార్చి వేసుకోవడమే మార్గం. షాట్‌కట్ అనే ఉచిత వీడియో ఎడిటర్ తెరిచి, సెట్టింగ్స్‌లోని వీడియో మోడ్‌లో 1080పీ 30 (సెకనుకు 30 ఫ్రేములు) ఎంచుకోండి. నిలువు వీడియో అయితే వర్టికల్ హెచ్‌డీ 30 పెట్టాలి, లేకుంటే రెండు పక్కలా నల్ల పట్టీలు పడతాయి. ఈ మెట్టు దాటేయొద్దు: ఫోన్లు ఫ్రేముల వేగాన్ని నిలకడగా ఉంచవు, తర్వాత పెదాలకూ మాటకూ పొంతన తప్పేది అందుకే. ఇక ఫైలు వేసి, ఎక్స్‌పోర్ట్‌లో ఇంటర్మీడియట్ కింది డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూ (ఎడిటింగ్‌కు వాడే వీడియో రకం) నొక్కండి. అడ్వాన్స్‌డ్‌లో ఆడియో కోడెక్ 16 బిట్ పీసీఎం (కుదించని శబ్దం) ఉందో లేదో చూసి, ఎంఓవీగా సేవ్ చేయండి.

డిస్క్‌లో చోటు మాత్రం బాగా కావాలి. 1080పీ 30లో పది నిమిషాలకు సుమారు 16 జీబీ అవుతుంది. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేస్తే 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది.

పూర్తయిన వీడియోకూ ఇదే తంతు: రిజాల్వ్ నుంచి డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌గా తీసి, షాట్‌కట్‌లో యూట్యూబ్ ప్రీసెట్‌తో ఎంపీ4 చేసుకోండి.

ప్రశ్న: ఉబుంటు యాప్ సెంటర్ నుంచి వేసిన కేడెన్‌లైవ్ వీడియో ఎడిటర్‌కి కెమెరా కార్డు అసలు కనబడటం లేదు. ఫైల్స్‌లో కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అది స్నాప్ ప్యాకేజీ (మిగతా సిస్టమ్ నుంచి వేరుగా కట్టడిలో ఉంచే యాప్) అయి ఉంటుంది. చెప్పనిదే అది బయటి డ్రైవుల్లోకి చూడదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, కేడెన్‌లైవ్ ఎంచి, రిమూవబుల్ స్టోరేజ్ అనుమతి ఆన్ చేసి ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరవండి. అయినా కార్డు మీద ఎడిటింగ్ వద్దు. ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాకే ప్రాజెక్టులో వేయండి. కార్డు తీసేస్తే క్లిప్పులన్నీ ‘మిస్సింగ్’ అయిపోతాయి.