డ్రై మాక్యులర్ డీజెనరేషన్ ముదిరితే చూపు మొత్తం పోతుందా?

మొత్తం చీకటైపోదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. వయసు పైబడ్డాక వచ్చే ఈ జబ్బులో దెబ్బతినేది కంటి వెనక వెలుగును పట్టే పొర, అంటే రెటీనా మధ్యలో ఉండే మాక్యులా అనే చిన్న భాగమే, పక్క చూపు మిగులుతుంది. అందుకే గదిలో కుర్చీ తగలకుండా నడిచిపోయే మనిషి కూడా ఎదురుగా నిలబడ్డ మనవరాలి ముఖం పోల్చుకోలేక, గొంతు వినిపించాక పేరు పెట్టి పిలుస్తాడు.

లోపల జరిగేది ఇదీ: రెటీనా అడుగున డ్రూసెన్ అనే పసుపు మచ్చలు చేరతాయి, వెలుగును పట్టే కణాలను పోషించే పొర క్రమంగా చచ్చిపోతుంది, దాంతో ఆ కణాలూ పోతాయి. ముదిరిన ఈ దశను జియోగ్రాఫిక్ అట్రోఫీ అంటారు. చాలామందిలో ఇది సరిగ్గా నడిమధ్యను వదిలేసి దాని చుట్టూ మొదలవుతుంది. కాబట్టి డాక్టర్ దగ్గర చార్టులో చిన్న అక్షరాలు చదివేసిన మనిషికే ఇంటికొచ్చి పేపర్ తీస్తే పదంలో సగం కనిపించదు. 'అక్కడ బాగానే చదివావుగా' అని ఇంట్లోవాళ్లు అనుమానించడం అన్యాయం.

పోయిన చూపును తిరిగి తెచ్చే మందుగా ఏదీ ఇంకా వాడుకలో స్థిరపడలేదు. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన సైఫోవ్రే, ఐజర్వే అనే కంటి ఇంజెక్షన్లు ఇలా కణాలు చచ్చిపోయిన భాగం పెరిగే వేగాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. రోజువారీ పనులకు మంచి లైటు, భూతద్దం, పక్క చూపుతో చదవడం నేర్పే లో విజన్ శిక్షణే ఎక్కువ అక్కరకొస్తాయని నా అభిప్రాయం. తలుపు అంచులాంటి తిన్నని గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి, అది వెట్ రకంగా, అంటే రెటీనా అడుగున కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంగా మారి ఉండొచ్చు, దానికి వేరే చికిత్స ఉంది.